సాజ్ వెంట అనటోలియా దాకా

గురువారం, ఇస్తాంబుల్

టర్కీ రికార్డుల వ్యాపారం కొన్ని దశాబ్దాల పాటు ఒక్క బజారులోనే నడిచింది. ఆ చోటు పేరు ఉన్‌కపానీ. అటాతుర్క్ బుల్వార్ రోడ్డు వెంట, సులేమానియే మసీదు వాలు కింద, ఆరు బ్లాకులుగా పరుచుకున్న కాంక్రీటు కట్టడం అది. 1960లలో బట్టల వ్యాపారుల కోసం కట్టారు. ఆ తర్వాతి దశాబ్దంలో రికార్డు కంపెనీలు ఒక్కొక్కటీ ఇందులోకి చేరాయి. ఊరి నుంచి సాజ్ అనే తీగవాద్యం భుజాన వేసుకుని బస్సు దిగిన గాయకుడు ముందు ఇక్కడికే వచ్చి తలుపు తలుపూ తట్టేవాడు. టర్కీ ఆసియా భాగమైన అనటోలియా జానపదాలు రాక్ ఎలా అయ్యాయో వెతుక్కుంటూ వచ్చిన నేనూ అందుకే ఇక్కడి నుంచే మొదలుపెట్టాను.

గోడ మీద చిత్రకారుడు బెద్రి రహ్మి ఎయుబొలూ చేసిన మొజాయిక్ ఉంది. ఇంకో గోడ మీద కుజ్‌గున్ అజార్ ఇనుముతో చేసిన పక్షులున్నాయి. బట్టల బజారుకు ఇంత కళ అవసరమని అనుకున్న వాళ్ల మీద గౌరవం కలిగింది. రికార్డుల వాళ్లది ఆరో బ్లాకు. ఇప్పుడు అక్కడ చాలా షట్టర్లు దించే ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక దుకాణంలో అట్టపెట్టెల నిండా 45లు దొరికాయి. 45 అంటే ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకో పాట ఉండే చిన్న రికార్డు. 1960లలో, 70లలో ఇక్కడి రాక్ అంతా దాదాపు వీటి మీదే బతికింది. ఎల్పీలు, అంటే చాలా పాటలు పట్టే పెద్ద రికార్డులు, తర్వాత వచ్చాయి, వాటిలోనూ చాలావరకు పాత 45లను ఒకచోట చేర్చినవే.

నేను ఈ సంగీతంలోకి వచ్చింది గాయని సెల్దా బాజాన్ గొంతు వెంట. 1976లో వచ్చిన ఆమె ఆల్బమ్‌ను బ్రిటన్‌కు చెందిన ఫైండర్స్ కీపర్స్ కంపెనీ 2006లో మళ్లీ విడుదల చేసింది. అందులో మంచు సన్నగా కురుస్తుందని మొదలయ్యే ఒక పాట కింద ఫజ్ గిటార్, అంటే నాదాన్ని గరుకుగా చేసే పెడల్ తగిలించిన గిటార్, గరగరలాడుతూ ఉంటుంది. పైన ఆమె గొంతు ఏడుపుకూ కోపానికీ మధ్య నిలబడుతుంది. అది ఆషిక్ మహ్జూనీ షెరీఫ్ కట్టిన పాట. పల్లెలు తిరిగి పాడే కవి పాటకు ఇంత కరెంటు ఎలా ఎక్కిందన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

జవాబులో కొంత ఆ అట్టపెట్టెలోనే ఉంది. దుకాణం పెద్దాయన ఏరి చూపించిన 45లలో ఒక పోటీవి విడిగా కట్టి ఉన్నాయి. 1965లో హుర్రియెత్ దినపత్రిక ఆల్తిన్ మిక్రోఫోన్, అంటే బంగారు మైక్రోఫోన్, అనే పోటీ పెట్టింది. అప్పటిదాకా నగరాల్లోని కుర్రాళ్లు ఎల్విస్‌నీ, షాడోస్ బృందాన్నీ ఉన్నదున్నట్టు వాయించేవాళ్లు. లేదంటే ఫ్రెంచి, ఇటాలియన్ పాటల బాణీలకు టర్కిష్ మాటలు అతికించేవాళ్లు. అరాంజ్‌మన్ అనే ఆ పద్ధతిని 1961 నుంచి ఫెజ్రి ఎబ్జియొలూ బాగా నడిపించాడు. పోటీ పెట్టిన షరతు వేరు. పాట టర్కిష్‌లో ఉండాలి, పాశ్చాత్య వాద్యాలతో వాయించాలి. సొంతంగా కట్టుకోవచ్చు, లేదా జానపదాన్ని తీసుకుని కొత్తగా అమర్చుకోవచ్చు. గిటార్ పట్టుకున్న కుర్రాళ్లందరికీ ఒక్కసారిగా జానపదాలు కావలసి వచ్చాయి. 1966లో గెలిచిన సిలుయెత్లెర్ వాయించింది ఆగ్నేయ ప్రాంతపు నాట్యపాటని. 1967లో రెండో స్థానంలో నిలిచిన గాయకుడు జెమ్ కరజా, అపాష్లార్ బృందం పాడింది ఎమ్రా అనే పాత జానపద కవి మాటల్ని.

పోటీకి ముందే తలుపు తీసిన మనిషి ఒకరున్నారు. తులాయ్ గెర్మాన్ 1964లో పొలంలో పనిచేసే కొత్త కోడలి కష్టం మీద ఉన్న జానపదాన్ని జాజ్ వాద్యబృందంతో పాడింది. ఆ 45 కూడా పెట్టెలో ఉంది కానీ ధర నాకు అందలేదు. పెద్దాయన దాన్ని ప్లేయర్ మీద పెట్టి మొత్తం వినిపించాడు.

శుక్రవారం, గలిప్ దెదె వీధి

ట్యూనెల్ నుంచి గలతా టవర్ వైపు దిగే ఈ వీధి నిండా వాద్యాల దుకాణాలే. మెవ్లెవీ అనే సూఫీ శాఖ దర్వీషుల పాత మఠం కూడా ఇదే వీధి మొదట్లో ఉంది. ఈ రోజంతా నేను ఒకే దుకాణంలో గడిపాను. మిగతా ఇస్తాంబుల్ చూడలేదన్న చింత ఏమీ లేదు.

అక్కడి సాజ్ మేస్త్రీని అందరూ ఉస్తా అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. సాజ్‌కు మరో పేరు బాలమా. బేరిపండు ఆకారపు చెక్క బుర్ర, సన్నటి పొడవాటి మెడ. బుర్ర మల్బరీ చెక్క, పైపలక స్ప్రూస్. ఏడు తీగలు మూడు వరసలుగా కట్టి ఉంటాయి. బుర్రకథకుడి తంబురా కొంచెం ఇలాగే కనిపిస్తుంది కానీ దానికి మెట్లు ఉండవు, సాజ్ గుట్టంతా మెట్లలోనే ఉంది. గిటార్ మెట్లు లోహపు కడ్డీలు, మెడలో దిగ్గొట్టి ఉంటాయి, కదలవు. ఒక స్థాయిలో పన్నెండు. సాజ్ మెట్లు నైలాన్ దారంతో చుట్టి ముడివేసినవి. వేలితో నెడితే జరుగుతాయి. ఒక స్థాయిలో సాధారణంగా పదిహేడు ఉంటాయి. గిటార్‌లో రెండు మెట్ల మధ్య ఖాళీగా ఉన్న చోట సాజ్‌లో ఇంకో స్వరం కూర్చుని ఉంటుంది.

ఉస్తా ఒక జానపదం వాయించాడు. తర్వాత గోడ మీది గిటార్ తీసి అదే పాట వాయించాడు. పాట గుర్తుపట్టగలిగాను గానీ, నొప్పి తెలిసే స్వరం ఒకటి గిటార్‌లో లేదు. ఉస్తా తీగను పక్కకు లాగి ఆ స్వరాన్ని బలవంతంగా తెచ్చాడు. నాలుగో సారికి అచ్చం పలికింది. అది చూశాక నాకు టర్కీ రాక్ గిటార్ ఎందుకు అలా వంకర్లు పోతుందో అర్థమైంది. ఆ వంకర అలంకారం కోసం కాదు. గిటార్‌లో లేని స్వరాన్ని వెతుక్కునే ప్రయత్నం అది. ఫజ్ పెడల్ ఇక్కడ ఇంత ఇష్టంగా వాడటానికి కూడా ఇదే కారణమని నా నమ్మకం. ఫజ్‌లో స్వరం అంచులు కరిగిపోతాయి, సన్నాయి లాంటి జుర్నా నాదానికి దగ్గరగా వస్తుంది.

కొందరు గిటార్‌ను వంచడం మానేసి సాజ్‌కే కరెంటు ఇచ్చారు. ఎలక్ట్రిక్ బాలమా అనగానే ముందుగా చెప్పుకునే పేరు ఎర్కిన్ కొరాయ్. తల్లి పియానో టీచర్. 1957లో, ఇంకా పదహారేళ్లకే, గలతసరాయ్ హైస్కూల్‌లో రాక్ అండ్ రోల్ వాయించాడు. జుట్టు పెంచుకున్నందుకు వీధిలో దాడులు ఎదుర్కొన్నాడు. అతని పాటల్లో సాజ్ వాయింపు పద్ధతీ, అరబ్ సినిమా సంగీతమూ, హార్డ్ రాకూ పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడ ఏది మొదలవుతుందో చెప్పడం కష్టం. 2023 ఆగస్టులో టొరంటోలో కన్నుమూశాడు. ఇక త్రాబ్‌జోన్ నుంచి వచ్చిన హురెల్ సోదరులు ముగ్గురు. వాళ్లలో ఫెరిదూన్ ఒక మెడ గిటార్‌కూ, ఒక మెడ సాజ్‌కూ పెట్టి ఒకే వాద్యం తయారు చేసుకున్నాడు. రెండింటిలో ఏదీ వదులుకోవడం ఇష్టం లేని మనిషి చేసే పని అది.

లయ సంగతి కూడా ఉస్తానే చూపించాడు. బల్ల మీద రెండు, రెండు, రెండు, మూడు అని తట్టాడు. తొమ్మిది మాత్రలు, చివర కాలు కాస్త ఆగినట్టు ఉంటుంది. రాక్ డ్రమ్మర్ అలవాటుగా నాలుగు కొడతాడు. ఇక్కడి డ్రమ్మర్ ఐదు, ఏడు, తొమ్మిది నేర్చుకోవలసి వచ్చింది. పాశ్చాత్య రాక్‌కు స్థానిక రంగు పూశారని రాసేవాళ్లను చదివినప్పుడల్లా నాకు అసంతృప్తిగా ఉండేది. ఈ దుకాణంలో ఆ అసంతృప్తికి ఆధారం దొరికింది. మెట్లు, లయ, పాట కట్టుబడి అన్నీ సాజ్‌వి. మారవలసి వచ్చింది గిటారే.

శనివారం, కడికోయ్

ఎమినోను రేవు నుంచి ఫెర్రీలో ఆసియా వైపు దాటాను. కడికోయ్ చేరేముందు నీళ్ల అంచున హైదర్‌పాషా స్టేషన్ కనిపిస్తుంది. అనటోలియాకు వెళ్లే రైళ్లన్నీ ఒకప్పుడు ఇక్కడి నుంచే కదిలేవి. వాటిలో ఒకటి ఆగ్నేయాన చివరి స్టేషన్ కుర్తలాన్‌కు వెళ్లేది. 1972లో గాయకుడు బారిష్ మాన్చో తన బృందానికి ఆ రైలు పేరే పెట్టుకున్నాడు, కుర్తలాన్ ఎక్స్‌ప్రెస్ అని.

అతని ఇల్లు కడికోయ్‌లోని మోదా పేటలో ఉంది, ఇప్పుడు మ్యూజియం. పెద్ద ఉంగరాలు, కుట్టుపని చేసిన పొడవాటి అంగీలు, పియానో. మీసాలు, పొడవాటి జుట్టు ఉన్న ఫొటోలు ప్రతి గోడ మీదా ఉన్నాయి. చూడటానికి వచ్చినవాళ్లలో నడివయసు వాళ్లు ఎక్కువ. 1988 నుంచి అతను టీవీలో పిల్లలతో చేసిన కార్యక్రమం వాళ్ల బాల్యం. ఆ కార్యక్రమానికి ఉత్తరాలు రాయాల్సిన చిరునామా, 81300 మోదా, ఇప్పటికీ వాళ్లకు నోటికి వచ్చు. ఒకావిడ తన కూతురికి ఆ అంకెలు వల్లె వేయిస్తోంది.

నాకు కావలసిన బారిష్ మాన్చో అంతకు ముందటివాడు. గలతసరాయ్ హైస్కూల్‌లో చదివి, బెల్జియంలో లియేజ్‌లో కళాశిక్షణ పొంది, ఫ్రెంచిలో, ఇంగ్లిష్‌లో పాటలు పాడి, 1970లో కొండల్ని పిలుస్తూ టర్కిష్‌లో ఒక పాట చేశాడు. ఏడు లక్షలకు పైగా అమ్ముడైంది. 1975లో వచ్చిన తొలి సిసలైన ఆల్బమ్‌కు 2023 అని పేరు. టర్కీ రిపబ్లిక్‌కు వందేళ్లు నిండే సంవత్సరాన్ని ఊహించి సింథసైజర్లతో కట్టిన పొడవాటి సంగీతం అందులో ఉంది. ఆ ఏడాది రాకముందే, 1999 ఫిబ్రవరి 1న, అతను పోయాడు. నా మట్టుకు ఆ ఆల్బమే అతని శిఖరం. తర్వాతి పాటలు ప్రేమతో వింటాను గానీ, అంత ధైర్యం వాటిలో వినిపించదు.

మధ్యాహ్నం ఉస్కుదార్ వైపు కరజా అహ్మెత్ శ్మశానానికి వెళ్లాను. సైప్రస్ చెట్ల మధ్య దారి తప్పితే ఒక తోటమాలి వెంటబెట్టుకెళ్లి జెమ్ కరజా సమాధి చూపించాడు. తల్లి తోతో కరజా ఆర్మేనియన్ మూలాలున్న రంగస్థల నటి, తండ్రి మెహ్మెత్ కూడా నటుడే. రంగస్థలం నుంచి వచ్చిన ఆ ఉచ్చారణ, ఆ గర్జన జెమ్ గొంతులో ఎప్పుడూ ఉన్నాయి. అపాష్లార్, కర్దాష్లార్, మోగొల్లార్, దెర్విషాన్, ఇలా బృందాలు మారుతూ వచ్చాడు. మాట మాత్రం మరింత సూటిగా మారింది. 1975లో దెర్విషాన్‌తో పాడిన పాటలో కారు మరమ్మతుల షెడ్డులో పనిచేసే కుర్రాడు, కారు తెచ్చిన సంపన్నురాలైన అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె వెళ్లిపోతుంది, మేస్త్రీ వచ్చి నువ్వు కార్మికుడివి, కార్మికుడిగానే ఉండు అంటాడు. కథ ఇంతే. కానీ ఆ చివరి మాట దగ్గర బృందమంతా ఎగసిపడే తీరు వింటే, అప్పటి కార్ఖానాల్లో ఈ పాట ఎలా మోగిందో ఊహించుకోవచ్చు.

1979లో జర్మనీ వెళ్లాడు. 1980 సెప్టెంబర్ 12న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. వెనక్కి రమ్మన్న ఆదేశానికి అతను రాలేదు, 1983లో పౌరసత్వం తీసేశారు. అక్కడ జర్మన్‌లో వలస కార్మికుల మీద ఆల్బమ్ చేశాడు. 1987లో తిరిగి రాగలిగాడు, 2004లో చనిపోయాడు. వెళ్లకుండా ఉన్న సెల్దా మూడుసార్లు జైలుకు వెళ్లింది, పాస్‌పోర్టు 1987 దాకా ఆమె చేతికి రాలేదు. 1986లో ఇంగ్లండ్‌లో జరిగే వోమాడ్ సంగీత ఉత్సవానికి పిలుపు వచ్చినా కదలలేకపోయింది. ఈ సంగీతాన్ని విందుల్లో డాన్సు రికార్డులుగా మాత్రమే వాయించే చోట నాకు కష్టంగా ఉంటుంది. దీని కోసం వాళ్లు ఇచ్చింది చాలా ఎక్కువ.

ఆదివారం, అంకారా

సొగుట్లుచెష్మె నుంచి హైస్పీడ్ రైలు, నాలుగున్నర గంటలకు అంకారా. సాయంత్రం దాకా నడవడమే.

సెల్దా ఇక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ ఇంజనీరింగ్ చదువుతూ పాడటం మొదలుపెట్టింది. అంతకన్నా ముందు అంకారా చేసిన పని ఇంకొకటుంది. 1936లో హంగరీ స్వరకర్త బేలా బార్టోక్, టర్కీ స్వరకర్త అహ్మెద్ అద్నాన్ సాయ్‌గున్‌తో కలిసి అనటోలియాలో పాటలు సేకరించాడు. మరుసటి ఏడాది నుంచి ఇక్కడి కన్సర్వేటరీ బృందాలు ఊరూరా తిరిగి వేల జానపదాలు రికార్డు చేశాయి. వాటిని ముజఫర్ సారిసోజెన్ రేడియో బృందం చేత పాడించాడు. దేశమంతా ఒకే చోట కూర్చుని అన్ని ప్రాంతాల పాటలూ వినగలిగింది. రాక్ కుర్రాళ్లు వాడుకున్న పాటల్లో చాలావరకు ఇలా నగరానికి చేరినవే. ఆ మేలు పెద్దది. నష్టం కూడా ఉంది. రేడియోలో అందరూ ఒకే గొంతుగా, ఒకే తీరుగా పాడేవాళ్లు. ఊళ్లో ఒంటరి గాయకుడు పాటను తన ఇష్టంగా సాగదీసుకునే స్వేచ్ఛ అందులో పోయింది. ఫజ్ గిటార్ల కుర్రాళ్లు ఆ స్వేచ్ఛను మళ్లీ తెచ్చారనిపిస్తుంది నాకు, ఊరి గాయకుడిలా కాకపోయినా తమదైన తీరులో.

సోమవారం, గునెయ్ కుర్తలాన్ ఎక్స్‌ప్రెస్

బారిష్ మాన్చో పేరు పెట్టుకున్న రైలు ఇప్పుడు అంకారా నుంచి కదులుతుంది. కైసేరి, సివాస్, మలాత్యా, దియార్‌బకిర్, బాత్‌మాన్ మీదుగా కుర్తలాన్ చేరుతుంది. నేను సివాస్ దాకా. హైస్పీడ్ రైలైతే రెండున్నర గంటల దారికి దీనికి రాత్రయింది. కిటికీ పక్కన గోధుమ కోసేసిన గుట్టలు, నీళ్లు తగ్గిన కిజిలిర్మాక్ నది, చిన్న స్టేషన్లలో ఒక్కొక్కరుగా ఎక్కేవాళ్లు.

ఎదుటి సీటు ముసలాయన నేను ఇండియన్ అని తెలియగానే ఆవారా హూఁ అందుకున్నాడు. రాజ్ కపూర్ ఆ సినిమా 1955లో ఇక్కడ ఆడింది, 1964లో టర్కిష్‌లో మళ్లీ తీశారు కూడా. బయటి పాటను తనది చేసుకోవడం ఈ దేశానికి రాక్‌తో మొదలవ్వలేదు.

ఈ లైను మీదే బాత్‌మాన్ ఉంది. 1968లో హుర్రియెత్ చివరిసారిగా పెట్టిన బంగారు మైక్రోఫోన్ గెలిచింది ఇస్తాంబుల్ బృందం కాదు, బాత్‌మాన్ చమురు సంస్థ ఉద్యోగుల ఆర్కెస్ట్రా. ఆ ఏడాది మోగొల్లార్‌కు మూడో స్థానం వచ్చింది. ఫైనల్‌కు వచ్చిన బృందాల్ని పత్రికే ఊరూరా తిప్పి కచేరీలు చేయించేది. ఇస్తాంబుల్ కుర్రాళ్లలో చాలామంది అనటోలియాను మొదటిసారి చూసింది అలాగే. మోగొల్లార్ తర్వాత సొంతంగా తిరిగారు, ఊళ్ల వాద్యాలు నేర్చుకున్నారు. జాహిత్ బెర్కాయ్ గిటార్‌తో పాటు బాలమా, కమానుతో వాయించే తంబుర్ పట్టాడు. 1970లో తమ సంగీతానికి అనదోలు పాప్, అంటే అనటోలియా పాప్, అని పేరు పెట్టుకున్నారు. 1971లో పారిస్‌లో చేసిన ఆల్బమ్‌కు ఫ్రాన్స్‌లో షార్ల్ క్రో అకాడమీ బహుమతి వచ్చింది. అందులో పాటలు లేవు, అంతా వాద్యాలే. రైల్లో హెడ్‌ఫోన్స్‌లో మొత్తం విన్నాను. ఈ నేల కిటికీలో ఉండగా వినాల్సిన రికార్డు అది.

మంగళవారం, సివాస్

1271లో కట్టిన మూడు మదర్సాలు ఈ ఊళ్లో ఉన్నాయి. చూశాను, అందంగా ఉన్నాయి. మనసు మాత్రం మదిమాక్ హోటల్ దగ్గరే ఆగింది. 1993 జులై 2న పాతకాలపు అలెవీ కవి పీర్ సుల్తాన్ అబ్దాల్ పేరిట జరిగే ఉత్సవానికి (అలెవీలు టర్కీలో మైనారిటీగా ఉన్న ఒక ముస్లిం వర్గం) వచ్చిన కవులు, గాయకులు ఇక్కడ బస చేశారు. మతోన్మాద మూక చుట్టుముట్టి హోటల్‌కు నిప్పు పెట్టింది. ముప్పై ముగ్గురు అతిథులు, ఇద్దరు హోటల్ ఉద్యోగులు చనిపోయారు. గాయకుడు ముహ్లిస్ అకర్సు వాళ్లలో ఉన్నాడు. ఇరవై రెండేళ్ల హస్రెత్ గుల్‌తెకిన్ ఉన్నాడు, మీటకం లేకుండా వేళ్లతోనే సాజ్ వాయించడంలో అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. రాక్ కుర్రాళ్లు అరువు తెచ్చుకున్న పాటల్లో ఎన్నో ఈ అలెవీ కవి గాయకులవే. వాళ్ల పాటల్ని ప్రేమించి ఈ ఊరికి వచ్చినవాళ్లు ఇక్కడ కాసేపైనా నిలబడాలి.

బుధవారం, సివ్రియలాన్

షార్‌కిష్లా నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాను. సాజ్ పట్టి పాడిన కవి ఆషిక్ వెయ్‌సెల్ ఊరు ఇది. 1894లో పుట్టాడు. ఏడేళ్లకు మశూచి వచ్చింది, ఒక కన్ను దానితోనే పోయింది, రెండోది తర్వాత ప్రమాదంలో పోయింది. పిల్లవాడు దిగులు పడకుండా తండ్రి ఒక సాజ్ తెచ్చి ఇచ్చాడు. 1931లో సివాస్‌లో జానపద కవుల ఉత్సవం జరిగినప్పుడు కవి అహ్మెత్ కుత్సి తెజెర్ అతన్ని గుర్తించాడు. తర్వాత గ్రామ విద్యాలయాల్లో పిల్లలకు సాజ్ నేర్పాడు. 1965లో పార్లమెంటు నెలకు 500 లీరాల భృతి ఇచ్చింది. 1973లో ఈ ఊళ్లోనే చనిపోయాడు.

ఇల్లు మ్యూజియంగా ఉంది. మట్టిగోడలు, తక్కువ ఎత్తు గుమ్మం, అతని సాజ్, ఫొటోలు. 1952లో అతని జీవితం మీద తీసిన సినిమాకు కథ రాసింది ఉన్‌కపానీ మొజాయిక్ చేసిన బెద్రి రహ్మినే. సినిమాలో గోధుమ పైరు మరీ పొట్టిగా కనిపిస్తోందని సెన్సార్ అభ్యంతరం చెప్పింది. బయట నేనూ ఆ పైరు నేల చూశాను, రాళ్లే ఎక్కువ.

గాయకుడు ఫిక్రెత్ కిజిలొక్ ఇస్తాంబుల్ కుర్రాడు, అతనూ గలతసరాయ్ విద్యార్థే, దంతవైద్యం చదివాడు. వెయ్‌సెల్ పాటల కోసం ఈ ఊరికి వచ్చి అతని దగ్గర కూర్చున్నాడు. పొడవాటి సన్నని దారిలో రాత్రింబవళ్లు నడుస్తున్నానని సాగే వెయ్‌సెల్ పాటను 1969లో 45గా చేశాడు. అది విన్నప్పుడల్లా నాకు నచ్చేది అతను చేయని పనులే. డ్రమ్స్ పెంచలేదు, గొంతు ఎత్తలేదు. పాట దగ్గరకు వెళ్లడానికి ముందు మనిషి దగ్గరకు వెళ్లిన తేడా అందులో తెలుస్తుంది. ఈ తరంలో అందరూ అలా చేయలేదు. కొందరికి జానపదం పోటీకి పనికొచ్చే సరుకు మాత్రమే, ఆ 45లు ఇవాళ వింటే ఆ సంగతి దాగదు.

గురువారం, ఉర్గుప్

కైసేరి మీదుగా బస్సులో కప్పడోకియా. పొగగొట్టాల్లాంటి రాళ్లను చూడటానికి లోకమంతా వస్తుంది. నాకు ఉర్గుప్ పేరు ముందు తెలిసింది ఒక శోకగీతం ద్వారా. జెమాల్ అనే మనిషిని దారికాచి చంపారు. భార్య షెరీఫె ఏడ్చిన ఏడుపే పాటైందని చెప్పుకుంటారు. ఈ ఊరివాడే అయిన రెఫిక్ బషరాన్ పాడగా దేశానికి తెలిసింది. 1974లో ఎర్కిన్ కొరాయ్ దాన్ని ఎలక్ట్రిక్ చేశాడు. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఆల్తిన్ గున్ తమ మొదటి ఆల్బమ్‌లో మళ్లీ వాయించింది.

బస చేసిన చోట పనిచేసే కుర్రాడికి మూడూ తెలుసు. అతని స్పీకర్లో ఎర్కిన్ కొరాయ్‌ది పెట్టాం.

"అబీ, గిటార్ బాగుంది. కానీ మా నానమ్మ ముందు ఇది పెట్టను. ఆమెకు ఇది ఏడ్చే పాట. ఇక్కడ డ్రమ్స్‌కు కాలు ఆడుతుంది," అన్నాడు. అబీ అంటే అన్నా అని.

కాలు ఆడినా గొంతు ఏడుస్తూనే ఉంది కదా, జెమాల్ పేరు దగ్గర గిటార్ ఎలా జారుతుందో విను అన్నాను. గలిప్ దెదె వీధిలో ఉస్తా నాలుగో సారికి పట్టిన స్వరం అక్కడే ఉంది. మళ్లీ పెట్టాడు, ఆ చోట వేలెత్తి ఆపాడు, ఇంకోసారి విన్నాడు. ఆ ఒక్క చోటు ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను అన్నాడు. తర్వాత ఫోన్‌లో వెతికి రెఫిక్ బషరాన్ పాత రికార్డింగ్ పెట్టాడు, ఇప్పుడు నువ్వు చెప్పు అని.